అత్తయ్య కొన్న ధర

లెక్కల మాస్టారి చేతిసంచి పట్టీ తెగి ఏడాది దాటింది. తెగిన చోట ఒక పిన్నీసు ఉంది. అది రోజుకు ఒకసారైనా ఆయన భుజంలో దిగి, తానింకా ఉద్యోగంలోనే ఉన్నానని గుర్తు చేస్తుంది.

విడ్డూరం ఏమిటంటే, మాస్టారి భార్య దర్జీ. ముందుగదిలో ఆమె మిషను పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది. వీధిలో సగం మంది ఒంటి మీద ఉన్నవి ఆమె కుట్టినవే. ఎవరెవరివో సంచులు, కోట్లు, గొడుగు గుడ్డలు కూడా కుట్టిపెడుతుంది. కట్టుకున్నవాడి సంచి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే మాట.

"చూద్దాం లెండి."

"రెండు కుట్లే కదే!"

"ఎన్ని కుట్లో నాకు తెలుసండీ."

"మరి?"

"చూద్దాం లెండి అన్నానుగా."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇంట్లో దర్జీ కూడా అంతే కాబోలని ఆయన సర్దుకున్నాడు.

బడిలో పిల్లలు ఆయనకు పెట్టిన పేరు 'శాతాలు'. అందులో తప్పు పట్టడానికి లేదు. ఆయన లోకాన్ని చూసేదే వందకు ఇంత అని. వర్షం వస్తుందా అంటే నలభై శాతం అంటాడు. కూరలో ఉప్పు నాలుగు శాతం ఎక్కువైందే అని ఒకసారి అన్నాడు.

"మిగతా తొంభై ఆరూ తినండి," అంది భార్య.

మాస్టారి అమ్మ పోయి పది నెలలైంది. ఈ పది నెలల్లో ఆయన శాతాలు బాగా తగ్గాయి. బడి నుంచి వచ్చి, సంచి దించి, మూలన ఆనించి ఉన్న ఆవిడ ఊతకర్ర వంక చూస్తూ కూర్చునేవాడు. భార్య మాట్లాడిస్తే మాట్లాడేవాడు. లేకపోతే లేదు.

ఆ అమ్మ దారాల కంపెనీలో పనిచేసేది. కండెలకు దారం చుట్టే విభాగం. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట కంపెనీ తన షేర్లను పనివాళ్ళకు ఒక్కొక్కటి ఇరవైకి ఇచ్చింది. ఆవిడ రెండువందలు తీసుకుంది. ఆ సొమ్మును రెండేళ్ళ పాటు జీతంలో కోసుకున్నారు. మరుసటి ఏడు ధర నలభై కాగానే తోటివాళ్ళందరూ అమ్ముకుని పండగ చేసుకున్నారు. ఆవిడ అమ్మలేదు. ఎందుకమ్మా అంటే, "నేను చుట్టే దారం నాకు తెలుసురా. తెగదు," అనేది.

ఏడాదికి ఒకసారి డివిడెండు వచ్చేది. అంటే కంపెనీ తన లాభంలోంచి షేరుకు ఇంతని పంచే డబ్బు. దానితో ఆవిడ ఇంటికి ఒక వస్తువు కొనేది. ఒక్కటే. ఆ డబ్బు ఇంకో ఖర్చులో కలవకూడదు.

పోయే ముందు ఆ షేర్లను కొడుకు పేరున కాక కోడలి పేరున రాయించింది.

"వాడికిస్తే పాఠం చెబుతాడు. నీకిస్తే దాచిపెడతావు," అంది కోడలితో, కొడుకు వింటుండగానే.

మాస్టారు నవ్వాడు. ఆ మాట కూడా పిన్నీసు లాంటిదే. పైకి కనబడదు.

*

అసలు గొడవ ఉపాధ్యాయుల గదిలో మొదలైంది. అక్కడ డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉన్నాడు. మెడలో ఈల ఎప్పుడూ తీయడు గనక అందరికీ ఆయన 'ఈలాయన'. పిల్లల్ని పరుగెత్తించని సమయంలో పెద్దల్ని పరుగెత్తిస్తుంటాడు. ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో ఆయన నోటి చివరే ఉంటుంది.

"మీ అమ్మగారి దారాల కంపెనీ షేరుకి ఎంతిస్తోంది మాస్టారూ?"

"నిరుడు పన్నెండు ఇచ్చింది."

"ఇప్పుడు ధర?"

"ఆరువందలు."

ఈలాయన కనుబొమలు పైకెత్తాడు. మాస్టారి బుర్ర తన పని తాను చేసుకుపోయింది. పన్నెండుని ఆరువందలతో భాగించి, వందతో హెచ్చిస్తే రెండు. ధర మీద ఏడాదికి వచ్చే డివిడెండు రెండే రెండు శాతం! లోకంలో ప్రతిదానికీ శాతం కట్టిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా తన ఇంట్లో కాపురం ఉంటున్న దీనికి మాత్రం కట్టనే లేదు.

"టైల్సు కంపెనీ ఒకటుంది," అన్నాడు ఈలాయన గొంతు తగ్గించి. "ధర యాభై. నిరుడు షేరుకి తొమ్మిదిచ్చింది."

తొమ్మిది బై యాభై. పద్దెనిమిది శాతం.

మాస్టారు దాన్ని రెండోసారి కట్టి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో అంత అందమైన శాతం ఆయనకు పాఠ్యపుస్తకం బయట తగలలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచి దించకుండానే మొదలుపెట్టాడు.

"మనం చాలా నష్టపోతున్నామే."

"అయ్యో, స్కూటరు ఏమన్నా పోయిందా?"

"అది కాదు. అమ్మ షేర్లు. వాటి మీద మనకు వచ్చేది రెండు శాతమే. పద్దెనిమిది ఇచ్చేది ఒకటుంది. తొమ్మిది రెట్లు!"

భార్య కాజా కుడుతోంది. తలెత్తలేదు. "పద్దెనిమిదా? నిరుడు సంగతా అది?"

"ఆఁ."

"అంతకు ముందేడు?"

మాస్టారు తడుముకున్నాడు. "ఒకటి అనుకుంటా."

"అంతకు ముందు?"

"అదంతా ఎందుకిప్పుడు? నిన్నటి అన్నం గురించి ఎవరన్నా ఇవాళ మాట్లాడతారా?"

"నిన్న పొయ్యి వెలిగిందో లేదో తెలిస్తే, రేపు వెలుగుతుందో లేదో తెలుస్తుందండీ." ఆమె సూది దిండుకు గుచ్చి, వేలు చూపించింది. "ఆ గోడ గడియారం చూడండి. అత్తయ్య అందుకున్న రెండో డివిడెండు అది. ఆ ఇస్త్రీ పెట్టె తొమ్మిదోది. మీరు కూర్చున్న మడత కుర్చీ పద్నాలుగోది. ఈ మిషను, నేను ఈ ఇంటికొచ్చిన ఏడు వచ్చింది. ఆ ఏడు రెండింతలిచ్చారట. కొత్త కోడలు కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంటే మతిపోతుందని కొనిచ్చారు."

"అవన్నీ సరే..."

"వంటింట్లో టీ వడకట్టే జల్లెడ ఉందా? అది కంపెనీ మునుగుతుందని అందరూ అన్న ఏడాదిది. అప్పుడు షేరుకి పావలా వంతున ఇచ్చారట. అత్తయ్య జల్లెడ కొనుక్కొచ్చి, ఇచ్చారమ్మా, మానలేదు అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క ఏడు మానలేదు. ఈ ఇంట్లో ఎటు చూసినా ఆ చరిత్రే ఉంది. మీ టైల్సు కంపెనీ కొనిచ్చిన వస్తువేదన్నా ఉంటే చూపించండి."

మాస్టారు ఆఖరి డివిడెండు వంక చూశాడు. నిరుటిది. ఆవిడ తన కోసమని కొనుక్కున్న ఒకే ఒక వస్తువు. మూలన ఆనించి ఉంది.

"నువ్వు మనసుతో మాట్లాడుతున్నావు. నేను లెక్కతో మాట్లాడుతున్నా."

"మాట్లాడండి. ముట్టుకోకండి. అత్తయ్య లేకుండా వచ్చే మొదటి డివిడెండు ఇది. దానితో పనుంది."

"ఏం పని?"

"చూద్దాం లెండి."

*

ముట్టుకోకండి అంటే ముట్టుకోవాలనిపించడం చిన్నపిల్లల్లో వంద శాతం. మాస్టార్లలో ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

షేర్ల ఖాతా భార్య పేరునే ఉన్నా, దాన్ని ఫోనులో పెట్టిచ్చింది మాస్టారే. రహస్య సంఖ్యా ఆయన పెట్టిందే. మూడు, ఒకటి, నాలుగు, రెండు. వృత్తం చుట్టుకొలత పాఠంలో పిల్లలకు చెప్పే పై విలువ, సవరించి నాలుగు అంకెలకు కుదించింది. ఎవరూ కనిపెట్టలేరని ఆయన ధీమా. నిజమే, ఇంకెవరూ కనిపెట్టలేదు.

మర్నాడు బడికి ఏదో సెలవు. ముందుగదిలో ఒకావిడ చేతులు చాచి నిలబడింది. భార్య నోట్లో రెండు గుండుసూదులు, మెడలో టేపు. ఆమె ఫోను మిషను మీద ఉంది.

"ఏమే, ఒకసారి నీ ఫోను తీసుకోనా? టైం చూడాలి."

నోట్లో సూదులున్నాయి గనక భార్య "ఊఁ" అంది. ఎదురుగా గోడ గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

మాస్టారు వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వైపు తిరిగి నిలబడి, రెండువందల షేర్లూ ఆరువందల ధరకు అమ్మేశాడు. లక్షా ఇరవై వేలు. వచ్చిన ఓటీపీని, అదే సంకేత సంఖ్య సందేశాన్ని, చెరిపేశాడు. రెండు రోజులకు ఉమ్మడి బ్యాంకు ఖాతాలో పడిన డబ్బును, ఈలాయన సాయంతో తన పేరున తెరిచిన కొత్త ఖాతాకు మళ్ళించి, యాభై చొప్పున రెండువేల నాలుగువందల టైల్సు షేర్లు కొన్నాడు. ఒక్కొక్క దానికి తొమ్మిది వేసుకుంటే ఇరవై ఒక్క వేల ఆరువందలు. అమ్మ డివిడెండుకు తొమ్మిది రెట్లు.

అమ్మిన రోజు సాయంత్రం ఆయన ఈల వేస్తూ స్నానానికి వెళ్ళాడు. పది నెలల్లో అది మొదటిసారి. బయటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, ఉప్పు సరిగ్గా వంద శాతం కుదిరిందని మెచ్చుకున్నాడు. భార్య ఆయన వంక కాసేపు చూసి, ఏదో అనబోయి, ఇంకో గరిటె వడ్డించింది.

*

వారం తిరిగేసరికి టైల్సు ధర నలభై ఒకటయింది.

"తగ్గితే మంచిదే మాస్టారూ," అన్నాడు ఈలాయన. "తొమ్మిది బై నలభై ఒకటి ఎంత?"

"ఇరవై రెండు శాతం!" మాస్టారి మొహం వెలిగింది. ధర పడేకొద్దీ తన శాతం పెరుగుతోంది. ఇంతకన్నా సుఖమైన పతనం ఇంకోటి ఉంటుందా?

స్కూటరు బాగుచేయించడానికి దాచిన పన్నెండు వేలు పెట్టి, నలభై చొప్పున ఇంకో మూడువందలు కొన్నాడు. స్కూటరు గోడకు ఆనుకుని ఉండిపోయింది. మాస్టారు నడవడం మొదలుపెట్టాడు. నడిస్తే సంచి ఊగుతుంది. ఊగితే పిన్నీసు దిగుతుంది.

"స్కూటరేమయింది?" అడిగింది భార్య.

"నడక ఆరోగ్యానికి మంచిది."

"ఎంత శాతం?"

మాస్టారు భుజం రుద్దుకున్నాడు.

ఆ రోజే ఆయనకు ఇంకోటి కనబడింది. కుట్టు మిషను ఎదురుగా గోడకు ఒక బొమ్మ అంటించి ఉండేది. ఓవర్‌లాక్ మిషను బొమ్మ. గుడ్డ అంచులు పీచు లేవకుండా కుట్టేది. దాని కోసం భార్య నాలుగేళ్ళుగా డబ్బు కూడబెడుతోంది. వచ్చే నెల తెచ్చుకుంటానని దుకాణంలో మాట కూడా ఇచ్చింది. ఇప్పుడు గోడ మీద నాలుగు జిగురు మచ్చలు మాత్రమే ఉన్నాయి.

"బొమ్మేదీ?"

"ధర పెరిగిందండీ. తర్వాత చూద్దాం."

"ఎంత పెరిగింది?"

"నా చేతికి అందనంత," అంది భార్య, దారం నోటితో తెంపుతూ.

మాస్టారికి జాలేసింది. తన డివిడెండు రానీ, ఇరవై ఒక్క వేలూ ఆ మిషనుకే ఇచ్చి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. ఆ ఊహతో మరో రెండు రోజులు హాయిగా నడిచాడు.

మూడో రోజు టైల్సు కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఈ ఏడాది డివిడెండు లేదు. ధర ముప్ఫై ఒకటికి పడింది.

మాస్టారు అప్పుడు కూర్చుని, మొదటే చదవాల్సినవి చదివాడు. ఆ కంపెనీ ఆరేళ్ళలో ఇచ్చినవి: రెండు, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి, తొమ్మిది. ఆ తొమ్మిది కూడా టైల్సు అమ్మి ఇచ్చింది కాదు. పాత కార్ఖానా ఉన్న స్థలం అమ్మి పంచింది. ఇల్లు అమ్మినవాడు ఆ ఏడాది విందు పెడితే, ప్రతి ఏడూ పెడతాడని విస్తరి పట్టుకుని కూర్చున్నాడన్నమాట తను.

"ఆటన్నాక గెలుపోటములు ఉంటాయి మాస్టారూ," అన్నాడు ఈలాయన.

"మీకెంత పోయింది?"

"నాకా?" ఈలాయన నొచ్చుకున్నాడు. "నేనెందుకు కొంటాను? షేర్లంటే నాకు చచ్చే భయం."

*

ఇంటికొచ్చేసరికి భార్య ఊతకర్రను మెత్తటి గుడ్డతో తుడుస్తోంది.

"వచ్చే శుక్రవారం అత్తయ్య డివిడెండు పడుతుందండీ."

మాస్టారు సంచి దించడం మరిచాడు. "అప్పుడేనా?"

"ఏటా ఈ వారమే కదా. లెక్కకు మొన్నటి తేదీ పెట్టారు. ఆ తేదీ నాటికి షేర్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే వస్తుందట."

ఆ తేదీకి పదకొండు రోజుల ముందే ఆయన అమ్మేశాడు. కొత్తది ఇవ్వదు, పాతది రాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, మునిగిపోతుందన్న ఏడు కూడా ఆగని డబ్బు, ఆవిడ పోయిన మొదటి ఏడాదే ఆగిపోతుంది. ఆపింది కంపెనీ కాదు.

అమ్మవి అమ్మేశాను, అనుకున్నాడు. ఆ రెండు మాటలూ అంత పక్కపక్కన ఉన్నాయని అంతకు ముందెప్పుడూ తోచలేదు.

చెప్పేస్తే పోయేది. కాని ముప్ఫై మంది పిల్లల ముందు తప్పు లెక్క చెరిపి మళ్ళీ చేయగలిగిన మనిషి, ఇంట్లో ఒక్క మనిషి ముందు ఆ పని చేయలేకపోయాడు. దానికి బదులు ఇంకో ఉపాయం పన్నాడు.

నిరుడు వచ్చింది రెండువేల నాలుగువందలు. అంత డబ్బు తనే తెచ్చి ఉమ్మడి ఖాతాలో వేసేస్తే సరి. పడిందా, పడింది. ఎక్కడి నుంచి పడిందో ఎవరు చూడొచ్చారు?

వేరే బడి పరీక్ష పేపర్లు దిద్దితే పేపరుకు మూడు ఇస్తారు. ఎనిమిదివందల పేపర్లు అడిగి తెచ్చుకున్నాడు. ఇరవై పేపర్లు పట్టే సంచిలో మొదటి విడతగా రెండువందలు కుక్కాడు. పిన్నీసు ఏడాదిగా ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేదు. తమ వీధి మలుపులోనే, ఇంకో యాభై అడుగుల్లో ఇల్లనగా, విచ్చుకుని పూర్తిగా ఆయన భుజంలోకి దిగింది.

మాస్టారు కెవ్వుమన్నాడు. సంచి కిందపడింది. కట్ట తాడు తెగింది. అదే క్షణంలో గాలి వీచింది.

రెండువందల పేపర్లు వీధిలోకి బయల్దేరాయి. కొన్ని సైకిళ్ళ కింద పడ్డాయి. కొన్ని ఆరేసిన దుప్పట్ల మీద వాలాయి. ఒకటి పళ్ళబండి మీద పుచ్చకాయకు అతుక్కుంది. పళ్ళమ్మే ఆవిడ దాన్ని ఒలిచి, ఎగాదిగా చూసి, మాస్టారికి అందించింది.

"ఇంత బాగా రాసింది కదయ్యా, ఈ పిల్లకి సున్నా ఏమిటి?"

"ఇంకా దిద్దలేదమ్మా, అది పైన అచ్చేసిన మొత్తం మార్కుల్లో సున్నా. ముందు ఎనిమిది ఉంది, చూడు. ఎనభై."

"ఎనభయ్యా! అయితే ఇంద, తీసుకో."

మాస్టారు మోకాళ్ళ మీద పాకుతుంటే ఎదురుగా రెండు పాదాలు ఆగాయి. భార్య. మెడలో టేపు, చేతిలో గుడ్డ పట్టీ. ఏమీ అడగకుండా పక్కన కూర్చుని పేపర్లు ఏరింది. ఏరినవి పేర్చి, పట్టీతో కట్టింది. ఆఖర్న ఆయన భుజం మీంచి పిన్నీసు ఊడదీసి, మళ్ళీ పట్టీకే పెట్టింది.

"ఎవరివి ఇన్ని?"

"సాటి బడికి సాయం."

"డబ్బులిస్తారా?"

"ఛ! సేవ."

"మంచి పని," అంది భార్య. లేస్తూ ఆయన మోకాళ్ళ మీద దుమ్ము దులిపింది. "మీరు సేవ చేసి చాలా రోజులైంది."

అప్పుడు కూడా, "ఇకనైనా సంచి కుట్టవే" అంటే, "ఇన్నాళ్ళాగారు, ఇంకో వారం ఆగండి" అనే అంది.

*

గురువారం మధ్యాహ్నానికి ఎనిమిదివందలూ పూర్తయ్యాయి. సాయంత్రం బ్యాంకు మూసేలోపు వరసలో నిలబడి, రెండువేల నాలుగువందలు ఉమ్మడి ఖాతాలో కట్టి, పదేళ్ళ బరువు దిగినట్టు ఇంటికొచ్చాడు.

శుక్రవారం పొద్దున, మడత కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఎదురుచూశాడు. భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, అత్తయ్య డివిడెండు వచ్చింది."

"వచ్చిందా!" అన్నాడు మాస్టారు, అవసరమైన దానికన్నా ముప్ఫై శాతం ఎక్కువ ఆనందంతో. "రాకేం చేస్తుంది! రెండువేల నాలుగువందలేగా?"

"రెండొచ్చాయి."

"ఏం రెండు?"

"డివిడెండ్లు. ఒకటి రెండువేల ఆరువందలు. దారాల కంపెనీ నుంచి. ఈ ఏడు షేరుకి పదమూడు చేశారు. ఇంకోటి రెండువేల నాలుగువందలు. నిన్న సాయంత్రం, మన వీధి చివరి బ్యాంకులో, నగదుగా కట్టారు." ఆమె ఫోను దించి ఆయన వంక చూసింది. "కంపెనీవాళ్ళు అంత దూరం నుంచి వచ్చి వరసలో నిలబడి కట్టారంటారా?"

మాస్టారి చేతిలో పేపరు మెల్లగా ఒళ్ళోకి జారింది. చెప్పాల్సిన అబద్ధాలన్నీ తయారుగా ఉన్నాయి. కాని మొదటి అంకె ఆయన్ని పడగొట్టింది.

"రెండువేల ఆరువందలు... అది రాకూడదే!"

"ఎందుకు రాకూడదు?"

"ఎందుకంటే..." ఆయన జారిన పేపరు మడిచాడు. "ఎందుకంటే నేను అమ్మేశాను కనక."

ఇంత సేపూ ఆ మాట కోసమే నిలబడినట్టు, భార్య అప్పుడు కూర్చుంది.

"తెలుసండీ."

"తెలుసా!"

"సంకేత సంఖ్య సందేశం చెరిపేశారు. అమ్మినట్టు సాయంత్రం ఇంకో సందేశం వస్తుందని మరిచిపోయారు. మీ భాషలో దాన్ని శేషం అంటారు కాబోలు."

"మరి షేర్లు...?"

"మర్నాడు పొద్దున్నే నేను కొన్నాను. అవే రెండువందలు. ఆరువందల పదికి దొరికాయి."

మాస్టారు గోడ వంక చూశాడు. నాలుగు జిగురు మచ్చలు. ఆరువందల పదిని రెండువందలతో హెచ్చవేయాల్సిన అవసరం లేకపోయింది.

"ఆ రాత్రే ఎందుకు అడగలేదే? చొక్కా పట్టుకుని అడగాల్సింది. ఆ టైల్సు కొనేవాణ్ణే కాదు కదా!"

"అడుగుదామనే వచ్చాను." ఆమె టేపును వేలికి చుట్టి విప్పింది. "మీరు ఈల వేస్తూ వచ్చారు. అన్నం అడిగి వేయించుకున్నారు. అత్తయ్య పోయాక అలా ఎప్పుడూ లేరు. నాకు నోరు రాలేదు. పోనీ, టైల్సు కూడా బాగుపడుతుందేమో, నాకేం తెలుసు అనుకున్నా. నా తప్పూ ఉంది అందులో."

మాస్టారికి తన పద్దెనిమిది శాతం గుర్తొచ్చి సిగ్గేసింది. "అంతా సరిగ్గానే కట్టానే. తొమ్మిది బై యాభై..."

"కట్టారు. పైన అంకె అలాగే ఉండి కింద అంకె తగ్గితే ఏమవుతుందని పిల్లలకి చెబుతారు మీరు?"

"హారం తగ్గితే భిన్నం పెరుగుతుంది," అన్నాడు మాస్టారు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా.

"ధర కూలబట్టి మీ శాతం పెరిగింది. ఇన్నేళ్ళుగా గోడ అవతల మీరు పాఠం చెబుతుంటే, ఇవతల మిషను తొక్కుతూ నేను నేర్చుకున్నాను. చెప్పేవాళ్ళకే ఎక్కలేదు."

ఆమె లేచి, మిషను కింది సొరుగులోంచి ఒక పొట్లం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. విప్పి చూస్తే తోలుసంచి. గోధుమరంగు. వెడల్పాటి పట్టీ, రెండు వరసల కుట్టు. కట్టలు పట్టేంత లోపలి అర.

"డివిడెండు పడుతుందని నిన్ననే అరువు మీద తెచ్చా. ఇవాళ ఇచ్చేస్తాను. రెండువేల ఆరువందలు. అణా పైసలతో సరిపోయింది."

"నాకెందుకే ఇంత ఖరీదు..."

"నేను కొనలేదు. అత్తయ్య కొన్నారు. ఆసుపత్రిలో ఉండగా అన్నారు. 'వాడి సంచికి పిన్నీసు చూశాను. వచ్చే డివిడెండుకి మంచి సంచి కొనిపెట్టు. అప్పటిదాకా నువ్వు కుట్టకు. కుడితే, ఇదే బాగుంది కదమ్మా అని ఇంకో పదేళ్ళు మోస్తాడు' అన్నారు."

మాస్టారు సంచి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అమ్మ మాట నిలబెట్టడం కోసం ఏడాది పాటు ఈవిడ తన చేత మాటలు పడింది. తను పడగొట్టడానికి ఒక్క సెలవు రోజు సరిపోయింది.

అలవాటు కొద్దీ ఆయన పెదవులు కదిలాయి.

"ఏం కడుతున్నారు?"

"పదమూడు బై ఇరవై. అమ్మ కొన్న ధర మీద అరవై ఐదు శాతం. పదమూడు బై ఆరువందల పది. నువ్వు కొన్న ధర మీద రెండు, చిల్లర." ఆయన తల దించుకున్నాడు. "అమ్మ చేతిలో అరవై ఐదు ఉండగా నేను రెండని నవ్వాను. ఇప్పుడు నిజంగానే రెండు చేశాను. షేర్లు వెనక్కి వచ్చాయి. ఆ ఇరవై రాదు కదే."

"వచ్చే డబ్బు అదే కదండీ."

"అదే." ఆయన ఒప్పుకున్నాడు. "లెక్కే వేరు."

భార్య కాదనలేదు. ఓదార్చనూ లేదు. టేపు మడిచి పక్కన పెట్టి అడిగింది. "మళ్ళీ అరవై కావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"అమ్మకు ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది."

"అప్పటికి మీకు ఎనభై నాలుగు. అంతవరకూ నా ఫోనులో టైం చూడకుండా ఉండగలరా?"

"ఉంటాను," అన్నాడు మాస్టారు. తర్వాత చిన్నగా, "టైల్సువి ఇవాళే అమ్మేసి మిగిలింది తెచ్చి ఇస్తాను. నీ మిషనుకి."

"అవి స్కూటరుకీ, ఇంటికీ. నా మిషనుకి వేరే దారి ఉంది." ఆమె ఫోను మళ్ళీ చూసింది. "ఎనిమిదివందల పేపర్లకి రెండువేల నాలుగువందలు వచ్చాయి కదా, మీ సేవకి. ఇలా ఎనిమిదివందల చొప్పున ఇంకో యాభై సార్లు దిద్దండి. మిషను వచ్చేస్తుంది. నేను పేపరుకింత అని కట్టాను. తప్పుంటే దిద్దండి."

మాస్టారు మనసులో కట్టి చూశాడు. తప్పు లేదు.

సోమవారం పొద్దున కొత్త సంచిలో మొదటి కట్ట పెట్టుకుని ఆయన బయల్దేరాడు. ఆ ముందు రోజే భార్య పాత సంచి నుంచి పిన్నీసు తీసి, మిషను పక్కన సూదుల దిండుకు గుచ్చింది. గోడ మీద ఓవర్‌లాక్ మిషను బొమ్మను, పాత జిగురు మచ్చల మీదే మళ్ళీ అంటించింది.

వీధి మలుపు దాకా వెళ్ళాక మాస్టారు ఆగి, అలవాటుగా భుజం తడుముకున్నాడు. పట్టీ మెత్తగా ఉంది. గుచ్చడానికి అక్కడ ఏమీ లేదు.

అయినా, బడి వచ్చేదాకా ఆయన ఆ భుజం రుద్దుకుంటూనే నడిచాడు.